అత్తగారి అనుమానం, ఆయనగారి ధీమా, మధ్యలో కందిపప్పు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఐదుగురం ఉంటాం: మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. నెల వెచ్చాల ఖర్చు ఏటికేడు పెరిగిపోతోంది. ఈమధ్య భీమవరం వెళ్ళినప్పుడల్లా అక్కడి సూపర్‌మార్కెట్‌లో సరుకులు తెస్తున్నాను. పేరున్న కంపెనీల ప్యాకెట్ల పక్కనే ఆ స్టోరువాళ్ల సొంత బ్రాండు పప్పులు, రవ్వ, నూనె, సబ్బులు బాగా తక్కువ ధరకు ఉంటున్నాయి. మా అత్తగారు “ఊరికే చవకగా ఎవరిస్తారు? ఏదో తిరకాసు ఉంటుంది” అంటారు. మావారేమో “రెండూ ఒకే ఫ్యాక్టరీలో తయారవుతాయి, పేరు మారుస్తారంతే” అంటారు. ఇది చాలదన్నట్టు మా వీధి కొట్టాయన “ఈమధ్య మీ ఖాతా చిక్కిపోయిందేమమ్మా” అని అడుగుతున్నారు. ఎవరి మాట వినమంటారు?
పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: ముందు మీవారి మాట తేల్చేద్దాం. ఈ మాట ఇప్పుడు చాలా ఇళ్లలో వినిపిస్తోంది. చెప్పేవాళ్లు మంచి ధీమాగా చెబుతారు కూడా. అందులో నిజం లేకపోలేదు. సూపర్‌మార్కెట్లు సొంత బ్రాండు సరుకులను ఎక్కువగా వేరేవాళ్ల చేతే తయారు చేయించి, ప్యాక్ చేయించి, తమ పేరు వేసుకుంటాయి. ఆ చేసిపెట్టేవాళ్లలో కొందరు పేరున్న కంపెనీలకూ చేస్తారు. అయితే ఒకే చోట తయారైనంత మాత్రాన రెండూ ఒకే సరుకు అయిపోవు. పెళ్ళిళ్లకు వండే వంట మేస్త్రీని చూడండి. ఇవాళ ఒకరింట్లో బూరెలు నేతిలో వేస్తాడు, రేపు ఇంకొకరింట్లో అవే బూరెలు పామాయిల్‌లో వేస్తాడు. చెయ్యి అదే, మూకుడు అదే, సరుకు మాత్రం ఎవరు తెచ్చి ఇచ్చింది వారిది. ఫ్యాక్టరీకి కూడా ఏ రకం గింజ వాడాలో, ఏ పాళ్లలో కలపాలో, ఎంత ఖరీదులో ముగించాలో చెప్పేది పని ఇచ్చినవాళ్లే.

అయినా ఇందులో ఊహతో పనేముంది? ప్యాకెట్ తిప్పి చూస్తే సరిపోతుంది. తినే సరుకు ప్యాకెట్ వెనక ‘మార్కెటెడ్ బై’ అని ఒక పేరు, ‘మాన్యుఫ్యాక్చర్డ్ బై’ అనో ‘ప్యాక్డ్ బై’ అనో మరో పేరు, చిరునామాలతో సహా ఉంటాయి. మొదటిది అమ్మించేవారిది, రెండోది చేసేవారిది. వాటి దగ్గరే ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ లైసెన్సు నంబరు 14 అంకెల్లో ఉంటుంది. ఈ లైసెన్సు తయారీ చోటును బట్టి ఇస్తారు. కాబట్టి చేసేవారికి చెందిన నంబరు రెండు ప్యాకెట్ల మీదా ఒకటే అయితే మీవారు నెగ్గినట్టు. వేర్వేరు అయితే వాదన అక్కడితో ఆగిపోతుంది. నంబరు కలిసినా సరే, పదార్థాల జాబితా కూడా పక్కపక్కన పెట్టి చదవండి. ఎక్కువ పాళ్లలో ఉన్నది ముందు రాయాలి, తక్కువది తరువాత రాయాలి, అది నియమం. సాంబారు పొడిలో మొదటి పేరు ధనియాలా, ఉప్పా? ఆ ఒక్క ముక్క చూస్తే ధర ఎందుకు తగ్గిందో బోధపడుతుంది.

మరో సంగతి. సొంత బ్రాండు అంటే దాని మీద స్టోరు పేరే ఉండాలని లేదు. రిలయన్స్ దుకాణాల్లో కనిపించే ‘గుడ్ లైఫ్’, బిగ్‌బాస్కెట్ పంపే ‘బీబీ రాయల్’ అలాంటివే. కొత్త కంపెనీ ఏదో వచ్చిందనుకుని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ కూడా ‘మార్కెటెడ్ బై’ చదివితే గుట్టు తెలిసిపోతుంది.

ఇక మీ అత్తగారి ప్రశ్న. “ఊరికే చవకగా ఎవరిస్తారు?” నాకు ఈ ప్రశ్న నచ్చింది. బజారుకు వెళ్ళే ప్రతివారూ సంచితో పాటు తీసుకెళ్లాల్సిన ప్రశ్న ఇది. దీనికి జవాబు కూడా ఉంది. పేరున్న కంపెనీ సరుకు ధరలో సరుకు ఖరీదు ఒక్కటే ఉండదు. టీవీ ప్రకటనలు, డిస్ట్రిబ్యూటరు వాటా, ఊరూరా తిరిగే వ్యాను, చిల్లర కొట్టు లాభం అన్నీ కలిసి ఉంటాయి. సినిమా హీరో ఆ ప్యాకెట్ పట్టుకుని నవ్వినందుకు ఇచ్చిన డబ్బు కూడా మీ కుక్కర్లోనే ఉడుకుతుంది. స్టోరు బ్రాండుకు ఈ మెట్లు చాలా వరకు ఉండవు. మిల్లులో బయలుదేరి గోడౌనుకు, అక్కడి నుంచి అరమీదికి వచ్చేస్తుంది. అందుకని ధర తగ్గిందంటే కల్తీ అనుకోనక్కర్లేదు. కానీ కొన్ని సరుకుల్లో నాణ్యత తగ్గించే ధర తగ్గిస్తారు. ఆవిడ అనుమానానికి చోటు ఉన్నది అక్కడ. కాబట్టి “స్టోరు బ్రాండు మంచిదా కాదా” అన్న ప్రశ్నకు మొత్తంగా ఒక జవాబు లేదు, సరుకు సరుకుకూ జవాబు మారుతుంది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ప్యాకెట్‌లో ఒక్కటే వస్తువు ఉండి, అది గింజగానో పలుకుగానో కంటికి కనిపిస్తుంటే స్టోరు బ్రాండే తీసుకుంటాను. కందిపప్పు, పెసరపప్పు, శనగలు, మినపగుళ్లు, అటుకులు, ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, ఆవాలు, జీలకర్ర, మెంతులు ఈ కోవలోకి వస్తాయి. పంచదార గురించి ఆలోచించడమే దండగ. ఉప్పు అయితే అయోడైజ్డ్ అని ఉందో లేదో చూస్తే చాలు. వీటికి పేరున్న కంపెనీ చేసే మేలు ఏమీ లేదు, మహా అయితే అందమైన కవరు.

పప్పుల దగ్గర మాత్రం కాస్త ఆగాలి, ఎందుకంటే మన ఇళ్లలో అసలు ఖర్చు, అసలు తగాదా కూడా అక్కడే. కందిపప్పులో చూడాల్సింది బ్రాండు కాదు, ఉడుకు. తేమలో, వేడిలో ఎక్కువ కాలం నిలవ ఉన్న పప్పు ఎన్ని కూతలు వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. అద్దంలా మెరిసే పప్పు మంచిదన్న భ్రమ కూడా వద్దు, ఆ మెరుపు మిల్లులో పట్టించిన మెరుగు. ప్యాకింగ్ తేదీ దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. కవరు అడుగున పొడి ఎంత దిగిందో, చిల్లులు పడ్డ గింజలు ఉన్నాయో లేవో వెలుతురుకు ఎత్తి చూడండి. మినపగుళ్లకైతే ఇంట్లోనే తిరుగులేని పరీక్ష ఉంది. రెండు బ్రాండులవీ చిన్న ప్యాకెట్లు తెచ్చి, ఒక్కో గ్లాసు గుళ్లు విడివిడిగా, ఒకే సమయం నానబెట్టి రుబ్బించండి. రెండు పిండ్లనూ ఒకే కొలత గిన్నెల్లోకి తీస్తే దేనికి ఒదుగు ఎక్కువో కళ్ల ముందే ఉంటుంది. కిలోకు పది రూపాయలు తక్కువైన గుళ్లు మూడో వంతు తక్కువ ఒదిగితే, అది చవక కాదు.

ఈ పరీక్ష మీరు చేయకండి. మీ అత్తగారి చేత చేయించండి. పప్పు ఉడుకూ పిండి ఒదుగూ పట్టుకోవడంలో ఆవిడ చేతికి ఉన్న అనుభవం ఏ ప్రయోగశాలకూ ఉండదు. “ఇది బాగుందా లేదా మీరే తేల్చండి అత్తయ్యగారూ” అని ఆవిడ ముందు పెడితే, తీర్పు ఎలా వచ్చినా ఆ ఇంట్లో ఇక దాని మీద అప్పీలు ఉండదు. కొందరు తెలివైన కోడళ్లు పాత కంపెనీ డబ్బాలో చవక సరుకు పోసి, చెప్పకుండా వండి పెట్టి, బాగుందన్నాక “అదే ఇది” అంటారు. ఆ పని మాత్రం చేయకండి. నెలకు వంద రూపాయలు మిగిలినా, ఆ తరువాత మీరు ఏది వండినా ఆవిడ వాసన చూసి తింటారు.

పొడి అయిపోయిన సరుకుల దగ్గర నేను వెనక్కి తగ్గుతాను. శనగపిండిలో బఠాణీ పిండి కలిస్తే కంటితో పట్టుకోవడం కష్టం. కారంలో, పసుపులో రంగు కూడా అంతే. ఈ మూడింటికి స్టోరు బ్రాండుకూ పేరున్న బ్రాండుకూ మధ్య నలిగిపోవడం కంటే, ఎండాకాలంలో ఏడాదికి సరిపడా మిరపకాయలు, పసుపు కొమ్ములు కొని ఎండబెట్టి మర పట్టించడం, శనగపప్పును కావాల్సినప్పుడల్లా పట్టించుకోవడం మేలు. మీ అత్తగారికి ఈ సలహా కొత్త కాదు, ఆవిడే మీకు ముందు చెప్పి ఉంటారు. అంత ఓపిక లేని ఏడాది, వ్యవసాయ సరుకుల నాణ్యతకు గుర్తుగా ఉండే ప్రభుత్వ ముద్ర అగ్‌మార్క్ ఉన్న ప్యాకెట్ చూసుకోండి, బ్రాండు ఏదైనా ఫరవాలేదు.

టీ పొడి సంగతి వేరు. అది ఒకే తోట ఆకు కాదు, రకరకాల ఆకులు కలిపి ఏడాది పొడుగునా ఒకే రుచి వచ్చేలా చూడటమే ఆ కంపెనీల పనితనం. అక్కడ పేరుకు ఇచ్చే డబ్బులో కొంత న్యాయం ఉంది. స్టోరు టీ పొడి ఒకసారి చిన్న ప్యాకెట్ తెచ్చి చూడండి, ఇంట్లో ఎవరికీ నచ్చకపోతే అక్కడితో వదిలేయండి. పొద్దున్నే టీ దగ్గర చికాకు పడేంత ఆదా ఎవరికీ అక్కర్లేదు. కాఫీ పొడి దగ్గర మాత్రం పేరు చూసి మోసపోకండి. చికోరీ (ఒక మొక్క వేరును వేయించి చేసే పొడి) కలిపిన కాఫీ పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద ముద్రించాలి. పేరున్న బ్రాండుల్లోనూ సగానికి కాస్త పైన మాత్రమే కాఫీ ఉన్నవి ఉన్నాయి. చాలామంది కాఫీ అని ముచ్చటగా తాగుతున్న దాంట్లో దాదాపు సగం చికోరీయే. శాతాలు పోల్చి, ఆ తరువాత ధర పోల్చండి.

సబ్బులకు కూడా ఇలాంటి కొలత ఒకటి ఉంది. ఒంటి సబ్బు కవరు మీద ‘టీఎఫ్ఎం’ అని ఒక శాతం ఉంటుంది, అంటే అందులోని మొత్తం కొవ్వు పదార్థం. 76 శాతం, ఆపైన ఉంటే గ్రేడ్ 1. 70 ఉంటే గ్రేడ్ 2, 60 ఉంటే గ్రేడ్ 3. ‘టాయిలెట్ సోప్’ అని కాక ‘బాతింగ్ బార్’ అని ఉంటే అది వేరే తరగతి సరుకు. స్టోరు సబ్బు గ్రేడ్ 1 అయ్యుండి, ప్రకటనల్లో మెరిసే సబ్బు బాతింగ్ బార్ కావచ్చు. పైన పటారం, లోన లొటారం అంటారే, అది తేలేది ఇక్కడ. బట్టల సబ్బు, పొడి దగ్గర మన డెల్టా నీళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కాలవ నీళ్లు వాడే ఇంటికి ఒక లెక్క, సముద్రం వైపు ఊళ్లలో బోరు ఉప్పునీళ్లు వాడే ఇంటికి ఇంకో లెక్క. ఉప్పునీళ్లకు నురగ రాదు, చవక పొడి చెంచాకు రెండు చెంచాలు వేయాల్సి వస్తుంది. ప్యాకెట్ ఎంతకు వచ్చిందని కాదు, ఎన్ని ఉతుకులకు వచ్చిందని చూడండి.

ఇప్పుడు అసలు తిరకాసు చెబుతాను. మీ అత్తగారు సరుకులో వెతుకుతున్నారు గానీ, అది ఎక్కువగా ధర చీటీలో ఉంటుంది. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ వేసేది ఎవరు? ఆ సరుకును తెచ్చే కంపెనీ. సొంత బ్రాండుకు ఆ కంపెనీ ఎవరు? స్టోరే. అంటే తానే 80 రూపాయలని ముద్రించుకుని, తానే 45కు అమ్మి, “మీకు 35 రూపాయలు ఆదా” అని బిల్లు కింద రాసిస్తుంది. పక్కనే పేరున్న కంపెనీ రవ్వ 52 ముద్రణ ధరతో 50కి అమ్ముతుంటారనుకోండి. మీకు నిజంగా మిగిలింది ఐదు రూపాయలు, బిల్లు మాత్రం ముప్ఫై అయిదని మురిపిస్తుంది. ఎంఆర్‌పీ మీద ఎంత తగ్గించారన్నది సొంత బ్రాండు విషయంలో అర్థం లేని అంకె. పోల్చాల్సింది మీరు ఇచ్చే ధరతో మీరు ఇచ్చే ధరను, అదీ బరువును బట్టి.

బరువు అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. పూర్వం చాలా సరుకులకు ప్యాకెట్ ఇంతే బరువు ఉండాలని నియమం ఉండేది. 2021లో తూనికలు కొలతల నిబంధనలు సవరించినప్పుడు దాన్ని తీసేసి, బదులుగా గ్రాముకో కిలోకో, మిల్లీలీటరుకో లీటరుకో ఎంత పడుతుందో ముద్రించాలన్నారు. అప్పటి నుంచి 850 గ్రాములు, 800 గ్రాములు లాంటి వింత బరువులు పెరిగాయి. నూనె దగ్గర ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే కవరు చూస్తే అన్నీ లీటరు ప్యాకెట్లలాగే ఉంటాయి. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములు. ఒక ప్యాకెట్ 910 గ్రాములు 150 రూపాయలు, పక్కది 850 గ్రాములు 142 రూపాయలు అనుకోండి. రెండోది ఎనిమిది రూపాయలు తక్కువని చెయ్యి దానిమీదికే పోతుంది. కిలోకు లెక్క కడితే మొదటిది 165 రూపాయల లోపు, రెండోది 167. ఎంఆర్‌పీ దగ్గర చిన్న అంకెల్లో ఉండే గ్రాము ధర ఈ లెక్కకు దారి చూపిస్తుంది, కానీ అది ముద్రణ ధర మీద కట్టింది. స్టోరు తగ్గించి అమ్మితే ఫోనులో మళ్లీ భాగించుకోవాల్సిందే. నూనె కవరు మీద ‘బ్లెండెడ్’ అన్న మాట కూడా వెతకండి. అది ఉంటే రెండు నూనెల మిశ్రమం, దాని ధరను అచ్చమైన నూనె ధరతో పోల్చడం కుదరదు.

పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే అన్న నమ్మకం కూడా మన వానాకాలం ముందు నిలబడదు. ముసురు పట్టిందంటే రవ్వ గడ్డ కడుతుంది, పప్పుకు పురుగు పడుతుంది. ఐదు కిలోల రవ్వలో కిలో జల్లెడ పాలైతే మిగిలిందేమిటి? జూన్ నుంచి నవంబరు దాకా చిన్న ప్యాకెట్లే కొనండి.

మీ ఉత్తరంలో బియ్యం గురించి ఒక్క ముక్క లేదు. పండించుకుని తింటున్నారేమో, అయితే అదృష్టవంతులు. కొనుక్కునేవాళ్లయితే మాత్రం బియ్యానికి సూపర్‌మార్కెట్ మెట్లు ఎక్కకండి. స్వర్ణ వరి పుట్టింది మీ పక్కనున్న మారుటేరు పరిశోధన కేంద్రంలో. తణుకు, తాడేపల్లిగూడెం, మండపేట మిల్లుల నడుమ కూర్చుని, రంగుల సంచిలో బియ్యం కొనడం ఏమంత మర్యాదగా లేదు. బియ్యం బస్తాల్లో 25 కిలోలవీ, 26 కిలోలవీ రెండూ కనిపిస్తాయి, గమనించారా? ఆ ఒక్క కిలో దయతో వేసింది కాదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు రిజిస్టరు చేసిన బ్రాండు పేరుతో అమ్మే బియ్యానికే 5 శాతం పన్ను ఉండేది. 2022 జులై 18 నుంచి బ్రాండుతో పని లేకుండా, ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల లోపు బస్తాలన్నిటికీ పన్ను వేశారు, 25 కిలోలతో సహా. మిల్లులవాళ్లు ఒక కిలో కలిపి పన్ను గీత దాటేశారు. కాబట్టి బస్తా ధరతో బస్తా ధరను పోల్చకుండా 25తోనో 26తోనో భాగించి చూడండి.

కొబ్బరినూనె, చింతపండు కూడా ఇలాంటివే. అంబాజీపేట వైపు ఎవరైనా వెళ్తుంటే అక్కడి గానుగ నూనె తెప్పించుకోండి. చింతపండు, తేనె అయితే మన్యం నుంచి తెచ్చి అమ్మే గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ దుకాణాల్లో చూడండి.

చివరగా మీ వీధి కొట్టాయన. ఆయన అడిగిన తీరు మీకు నొప్పి కలిగించినట్టుంది, కానీ ఆయనకు అడిగే హక్కు ఉంది. మన ఊళ్లలో డబ్బు నెలనెలా రాదు. సార్వా మాసూళ్లకో, దాళ్వా మాసూళ్లకో, చేపల చెరువు పట్టుబడికో వస్తుంది. అప్పటిదాకా ఖాతా రాసుకుని ఊరుకునేది ఆయనే, సూపర్‌మార్కెట్ కౌంటరు కాదు. మీకు ఆ అవసరం ఇప్పుడు లేకపోవచ్చు, తుపాను వచ్చిన ఏడాది సంగతి వేరు. పైగా భీమవరం వెళ్లి వచ్చే బస్సు చార్జీ, అక్కడ పిల్లలకు కొనిపెట్టే ఐస్‌క్రీమ్, “ఒకటి కొంటే ఒకటి ఉచితం” అని అక్కర్లేకుండా తెచ్చిన బిస్కెట్లు ఇవన్నీ కలిపితే స్టోరు బ్రాండు మిగిల్చింది తిరిగి స్టోరుకే చేరిపోతుంది. ఈ చివరి ముక్క మీవారికి కూడా చదివి వినిపించండి.

కాబట్టి భీమవరం ఏదో పని మీద ఎలాగూ వెళ్తే, చీటీ రాసుకుని వెళ్లి, నేను చెప్పిన పప్పులు, సబ్బుల లాంటివి మాత్రం తెచ్చుకోండి. బిల్లు దాచండి. పురుగు పట్టిన సరుకైతే తిరిగి ఇవ్వడానికి అదే ఆధారం. మాట వినకపోతే 1915కు ఫోను చేయవచ్చు, అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. బియ్యం, పంచదార, అప్పటికప్పుడు కావాల్సిన వెచ్చాలు వీధి కొట్టులోనే తీసుకోండి. నూనె మాత్రం అక్కడ కూడా విడిగా కొలిపించుకోకుండా ప్యాకెట్‌దే అడగండి. స్టోరులో మీరు చూసిన కిలో ధరలు కాగితం మీద రాసుకొచ్చి కొట్టాయనకు చూపించడంలో తప్పేమీ లేదు. గుళ్లు, కందిపప్పు ఆయన కూడా టోకున తెచ్చి తెల్ల కవర్లలో కట్టి అమ్ముతుంటే, ఆ ధరకు ఎంత దగ్గరగా రాగలరో అడగండి. దగ్గరికి వస్తే ఆయన గుళ్లు కూడా ఒక గ్లాసు తెచ్చి మీ అత్తగారి పరీక్షలో పెట్టించండి.